దెకార్త్ మా ఊరికి ఎప్పుడొచ్చాడు?

మా ఊరు ఫ్రాన్స్‌లోని లా ఫ్లెష్. ఇక్కడ ఎవర్ని కదిపినా దెకార్త్ 1604లో మా కాలేజీలో చేరాడనే చెబుతారు. జెసూట్లు ఇక్కడ పాఠాలు మొదలుపెట్టింది ఆ ఏడాదే. మొదటి బ్యాచ్‌లోనే అంతటి తత్వవేత్త చదివాడంటే ఊరికి అంతకన్నా ఏం కావాలి? నేను మాత్రం ఒప్పుకోను. ఆ మాట పైకి అన్నప్పుడల్లా "మీరు ఇండియా నుంచి వచ్చారు కదా" అని ఒక నవ్వు నవ్వి ఊరుకుంటారు. ఇక్కడే ఇల్లు కొనుక్కుని పన్నులు కడుతున్నవాడికి ఊరి చరిత్ర గురించి నోరెత్తే హక్కు లేదా?

1604 అన్న లెక్క బాయేది. అద్రియాఁ బాయే 1691లో దెకార్త్ జీవితచరిత్ర అచ్చు వేస్తూ, 1604 ఈస్టర్‌కు చేరి 1612లో చదువు ముగించాడని రాశాడు. అప్పటికి దెకార్త్ పోయి నలభై ఏళ్ళు దాటింది. తర్వాతివాళ్ళు దాన్నే ఎత్తి రాసుకుంటూ పోయారు. దెకార్త్ పుట్టింది 1596 మార్చి 31న. 1604 అంటే ఎనిమిదేళ్ళవాడు, తల్లి లేని పిల్లవాడు, పైగా రోగిష్టి. అలాంటి బిడ్డను ఇంకా గోడలు లేస్తున్న కాలేజీ హాస్టల్లో వదిలి వెళ్తారా?

ఇది ఊహే కదా అంటారు. సరే, కాగితాలు చూద్దాం. దెకార్త్‌ను కన్నబిడ్డలా చూసుకున్న రెక్టర్ ఫాదర్ షార్లె 1604లో మా ఊళ్ళోనే లేడు. ఆయన వచ్చింది 1606లో, రెక్టర్ అయింది ఆ తర్వాత. ఇటు చివరి కొస చూస్తే, పువాతియేలో దెకార్త్ లా పట్టా పుచ్చుకుంది 1616 నవంబరులో. కాలేజీలో ఎనిమిది తొమ్మిదేళ్ళు గడిపానని తానే ఉత్తరాల్లో సుమారుగా చెప్పుకున్నాడు. బాయే చెప్పినట్టు 1612లోనే వెళ్ళిపోతే మధ్యలో నాలుగేళ్ళు ఖాళీ. ఆ ఖాళీని బాయే పారిస్ కబుర్లతో నింపాడు. తర్వాతి పరిశోధకుల్లో షార్ల్ అదాం ఈ లెక్కను 1606–1614కు జరిపాడు. జెనెవియేవ్ రోదిస్-లువీ ఇంకా ముందుకు లాగి 1607 ఈస్టర్ నుంచి 1615 దాకా అంది. నా ఓటు ఆమెకే. పదకొండేళ్ళ పిల్లవాడు, షార్లె ఉన్న కాలేజీ, వెంటనే పువాతియే: ఎక్కడా అతుకు కనబడదు.

ఇంకో గొప్ప కూడా ఉంది. మా కాలేజీ పుట్టుకే నాలుగో హెన్రీ చేతిమీదుగా జరిగింది. 1603లో జెసూట్లను తిరిగి రానిచ్చినప్పుడు, ఊరి దొర గియ్యోం ఫూకె ద లా వరెన్ పట్టుబట్టి వాళ్ళను ఇక్కడికి రప్పించాడు. రాజు తన కోటనే ఇచ్చి, పోయాక తన గుండెను ఈ చర్చిలోనే ఉంచాలన్నాడు. 1610 మే 14న పారిస్‌లో రవయ్యాక్ కత్తికి రాజు బలయ్యాడు. జూన్ 4న గుండె మా ఊరు చేరింది. మరుసటి ఏడాది సంస్మరణకు కాలేజీ కుర్రాళ్ళ రచనలన్నీ కలిపి పుస్తకం వేశారు. అందులో ఒక ఫ్రెంచి సానెట్ ఉంది. గురుగ్రహం చుట్టూ గెలీలియో అంతకుముందు ఏడాదే చూసిన కొత్త చుక్కలకూ చనిపోయిన రాజుకూ ముడిపెట్టిన పద్యమది. రాసినవాడి పేరు లేదు. స్టీఫెన్ టూల్మిన్ 1990లో 'కాస్మోపోలిస్'లో దాన్ని దెకార్త్‌కు అంటగట్టేదాకా వెళ్ళాడు. పదిహేనేళ్ళ కుర్రాడు కాబట్టి రాసి ఉండవచ్చు. ఆ మాటకొస్తే పక్క బెంచీవాడూ రాసి ఉండవచ్చు. నాకు ముచ్చట గొలిపేది వేరే సంగతి. గెలీలియో పుస్తకం వెనిస్‌లో అచ్చయి ఏడాది తిరిగేసరికే ఆ వార్త ఈ పల్లెటూరి బడిపిల్లల పద్యంలోకి ఎక్కింది. జెసూట్లు పిల్లల్ని చీకట్లో పెట్టారనేవాళ్ళు దీనికేం చెబుతారు?

ఆ గుండె సంగతీ చెప్పాలి. 1793లో విప్లవకారులు హెన్రీ గుండెనూ, అతని భార్య మరీ ద మెదిసి గుండెనూ నడివీధిలో తగలబెట్టారు. బుషే అనే ఊరి వైద్యుడు ఆ బూడిద ఏరి ఇంట్లో దాచాడు. 1814లో అది తిరిగి సెయింట్ లూయీ చర్చికి చేరింది. గోడలో ఎత్తుగా ఉన్న గూట్లో బంగారు పూత పూసిన గుండె ఆకారపు కలశం ఇవాళ్టికీ ఉంది. మెడ రిక్కించి చూడాలి. చాలామంది ఆర్గన్ చూసి వెళ్ళిపోతారు.

దెకార్త్ నీడలో పడి మరుగైనవాళ్ళ గురించే నా అసలు కడుపుమంట. జెరోం లు రువాయే ద లా దొవెర్సియేర్ మా ఊరివాడు, ఈ కాలేజీ పిల్లవాడే. పన్నులు వసూలు చేసే ఉద్యోగి. కెనడా గడ్డ మీద కాలు పెట్టకుండానే 1642లో మాంట్రియల్ వెలవడానికి కారకుడయ్యాడు, 1659లో నెత్తి నిండా అప్పులతో పోయాడు. క్యుబెక్ మొదటి బిషప్ ఫ్రాన్సువా ద లవాల్ కూడా ఇక్కడే చదివాడు. కెనడా నుంచి వచ్చేవాళ్ళు వీళ్ళిద్దరి గురించి అడిగి మరీ తెలుసుకుంటారు. మనవాళ్ళకు దెకార్త్, ఆ తర్వాత ఊరి బయట జూ.

తెలుగువాడిగా నా మనసు లాగేది దొలూ వైపు. ఫాదర్ షార్ల్ ఫ్రాన్సువా దొలూ 1687లో సయాం వెళ్ళాడు. అక్కడ రాజ్యం తలకిందులయ్యాక పాండిచ్చేరి చేరి ఏళ్ళ తరబడి ఉన్నాడు. ఆ పాండిచ్చేరి నుంచే ఫ్రెంచి జెసూట్లు కర్ణాటక మిషన్ పేరుతో మన తెలుగు సీమలోకి వచ్చారు. ముసలితనంలో దొలూ మా కాలేజీకి వచ్చి 1740లో ఇక్కడే పోయాడు. 1735 నుంచి 1737 దాకా తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఈ ఊళ్ళోనే ఉండి తన మొదటి పుస్తకం రాసుకున్నాడు. కాలేజీ వసారాలో ఒక జెసూట్‌తో మాట్లాడుతుండగానే మహిమల మీద తన వాదన తట్టిందని తర్వాత తానే చెప్పాడు. ఆలిసన్ గోప్నిక్ అనే పరిశోధకురాలు 2009లో ఈ రెండు కొసలూ కలిపి, బౌద్ధుల సంగతి హ్యూమ్‌కు దొలూ ద్వారా తెలిసి ఉండవచ్చంది. జరిగిందని ఆమె కూడా అనలేదు. అయినా దెకార్త్ సానెట్ కన్నా ఇది చాలా గట్టి ఊహ. ఇద్దరూ ఒకే కాలంలో ఒకే ఊళ్ళో ఉన్నారన్నది ఖాయం కదా.

1762లో జెసూట్లను వెళ్ళగొట్టారు. 1764లో అది సైనిక విద్యార్థుల బడి అయింది. 1808లో నెపోలియన్ ప్రితానే అనే సైనిక పాఠశాలను ఇక్కడికి మార్చాడు. 1914లో పారిస్‌ను కాచిన గలియేనీ, 1985లో అమెరికా షటిల్ ఎక్కిన పత్రిక్ బోద్రీ అందులో చదివినవాళ్ళే. వాళ్ళ గురించి రాసేవాళ్ళకు కరువు లేదు.

వేసవి సెలవుల్లో ప్రితానే లోపలికి సందర్శకుల్ని రానిస్తారు. ఎవరైనా 1604 అని చెబితే ఫాదర్ షార్లె ఆ ఏడాది ఎక్కడున్నాడని అడగండి. దొలూ పేరు కూడా ఒకసారి ఎత్తండి. నలుగురు అడిగితేనే ఇక్కడివాళ్ళు వెతుకుతారు.