మౌనం అర్ధాంగీకారం కాదు

నల్లటి తెర మీద ఒక కమాండ్ పడింది. అవతలి నుంచి జవాబు లేదు. మెరిసే గీత ఒక్కటే కింది వరుసలోకి దిగి నిలబడింది.

2024. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ఏఐ ఏజెంట్‌కు పరీక్ష పెట్టారు. దాన్ని నడిపే మెదడు జీపీటీ-4. ప్రశ్నపత్రంలో 12 పైథాన్ ప్రాజెక్టుల నుంచి తెచ్చిన 2,294 చిక్కులున్నాయి. ప్రోగ్రాం ఫలానా చోట తప్పుతోందంటూ నిజంగా వచ్చిన ఫిర్యాదులవి. ఆ పరిశోధకులు తమ పత్రంలో నమోదు చేసిన తడబాట్లనే ఇక్కడ ఒక వరుసలో పెట్టి చెబుతున్నాను.

మొదట ఏజెంట్ చేతికి మామూలు లినక్స్ కమాండ్లే ఇచ్చి చూశారు. ఫైల్లో ఒక వరుస మార్చాలి. అది 'సెడ్' అనే పాత పనిముట్టును పిలిచింది. సెడ్ పని చేసి ఊరుకుంటుంది, చేశానని చెప్పదు. అంతా సవ్యంగా ఉంటే నోరు మెదపకపోవడం యాభై ఏళ్లుగా ఆ లోకపు మర్యాద. చేయి తిరిగిన ఇంజనీరుకు ఆ సంగతి తెలుసు. అనుమానం వస్తే ఫైలు తెరిచి చూసుకుంటాడు, లేదా పక్క సీట్లో ఉన్న సీనియర్‌ని అడుగుతాడు. ఏజెంట్‌కు పక్క సీటంటూ లేదు. మౌనం అర్ధాంగీకారమనుకుంది. మార్పు జరిగిపోయిందన్న ధీమాతో తర్వాతి పనికి వెళ్లింది. వెనక ఫైల్లో చూస్తే అడిగిన మార్పు పడకపోవచ్చు, అడగని చోట్ల ఏవేవో మారిపోయి ఉండొచ్చు.

ఇక వెతుకులాట. ఒక పేరు కోసం గాలిస్తే పదుల కొద్దీ చోట్ల దొరికింది. ఫలితాలను ఒక్కొక్కటిగా చూపించే పనిముట్టు ఇస్తే, ఏజెంట్ 'తర్వాతిది, తర్వాతిది' అంటూ చివరిదాకా తిరగేసింది. దానికిచ్చిన ఖర్చు పరిమితి అక్కడే కరిగిపోయింది. 300 ప్రశ్నల చిన్న పరీక్షలో ఆ పనిముట్టుతో పరిష్కారమైనవి 12 శాతం. మిగతా కొత్త పనిముట్లన్నీ ఇచ్చి, ప్రత్యేకంగా వెతికేది మాత్రం ఇవ్వనప్పుడు 15.7 శాతం! చేతికిచ్చిన సాయమే కాళ్లకు అడ్డం పడింది.

నన్ను ఎక్కువగా కదిలించిన లెక్క మరొకటుంది. ఏజెంట్ ఒక దిద్దుబాటుకు పూనుకుంటే అది చివరికి ఫలించే అవకాశం 90.5 శాతం. ఒక్కసారి తప్పిందా, 57.2కు పడిపోతుంది. ఆ క్షణంలో తెర మీద ఏ మాట కనబడుతుందన్నదే దాని దారిని నిర్ణయిస్తుంది.

పరిశోధకులు మెదడును ముట్టుకోలేదు, పనిముట్లు మార్చారు. ఫైలును ఒకేసారి గుమ్మరించకుండా వంద వరుసల చొప్పున చూపించారు. దిద్దిన వెంటనే దిద్దిన భాగం కళ్లెదుట పడేలా చేశారు. కోడ్ వాక్యనిర్మాణం చెడితే ఆ దిద్దుబాటును తిప్పికొట్టి, ఎక్కడ చెడిందో, ముందు ఎలా ఉందో రెండూ చూపించారు. వెతుకులాటలో 50కి మించి దొరికితే ప్రశ్నను ఇంకాస్త స్పష్టంగా అడగమన్నారు. డజన్ల కొద్దీ ఐచ్ఛికాలుండే పాత కమాండ్ల స్థానంలో, క్లుప్తంగా వివరణ ముగిసే చిన్న కమాండ్లు పెట్టారు. ఇక ఆ మౌనం సంగతి: కమాండ్ సవ్యంగానే నడిచింది, చూపించడానికి మాత్రం ఏమీ లేదు అనే అర్థమిచ్చే ఒకే ఒక్క వాక్యం చేర్చారు.

అదే 300 ప్రశ్నల పరీక్షలో పాత కమాండ్లతో 11 శాతం గట్టెక్కిన అదే మెదడు, కొత్త పనిముట్లతో 18 శాతానికి చేరింది.

ఆ ఏడాది డిసెంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఇంజనీర్లు అలాంటి అనుభవమే బయటపెట్టారు. వాళ్ల ఏజెంట్ ఒక ఫోల్డరు నుంచి మరో ఫోల్డరులోకి వెళ్లాక ఫైళ్ల చిరునామాలు తప్పుగా ఇస్తోంది. రామాలయం పక్క సందులో మూడో ఇల్లు అన్న గుర్తు ఆ ఊళ్లో ఉన్నంతసేపే పనికొస్తుంది. పొరుగూరు వెళ్లి అదే చెబితే ఇంకెవరింటి తలుపో తట్టాల్సి వస్తుంది. ఫైలు చిరునామా ఎప్పుడూ మూలం నుంచి మొత్తంగా ఇవ్వాలని పనిముట్టులోనే నియమం పెట్టారు. తప్పులు ఆగిపోయాయి. ఏజెంట్‌కిచ్చే ప్రధాన సూచనల కన్నా పనిముట్లను చక్కదిద్దడానికే ఎక్కువ సమయం పట్టిందని వాళ్లే రాశారు.

మన ఇళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయిలూ అబ్బాయిలూ ఇవాళ ఇలాంటి పనిముట్లకు వివరణలు రాస్తున్నారు. వాళ్లకు నా విన్నపం ఒకటే. రేపు ఆఫీసుకు వెళ్లగానే మీరు రాసిన ఒక వివరణ తెరవండి. పని జరిగితే తెర మీద ఏం కనబడుతుందో, జరగకపోతే ఏం కనబడుతుందో అందులో ఉందేమో చూడండి. లేకపోతే ఆ రెండు వాక్యాలూ రాసి లేవండి.