ఎక్స్-రిక్వెస్టెడ్-విత్ హెడర్ (ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ)

యాప్ లోపలే వెబ్ పేజీలు చూపే ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ చాలాకాలం పాటు తన ప్రతి హెచ్‌టీటీపీ అభ్యర్థనకూ జతచేసిన హెడర్ ఇది. ఆ పేజీని తెరిచిన యాప్ ప్యాకేజీ పేరు ఇందులో ఉంటుంది.

హెడర్ పేరు పాతదే. జేక్వెరీ, ప్రోటోటైప్ వంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీలు, పేజీ మొత్తం మళ్లీ తెరవకుండా వెళ్లే అజాక్స్ అభ్యర్థనలకు గుర్తుగా దీన్ని వాడేవి. ఆ గుర్తు ఉంటే, వేరే సైటు పంపించే నకిలీ అభ్యర్థనలను అడ్డుకునే సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీ అక్కర్లేదన్న మినహాయింపును జాంగో, రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లు 2011 ఫిబ్రవరిలో భద్రతా కారణాలతో ఎత్తేశాయి. ఆండ్రాయిడ్ పాత బ్రౌజర్ ఈ హెడర్‌లో ‘కామ్.ఆండ్రాయిడ్.బ్రౌజర్’ అని పంపేది. 2013లో ఆండ్రాయిడ్ 4.4తో వెబ్‌వ్యూ క్రోమియంకు మారినా ఈ అలవాటు పోలేదు.

మధుమేహ రోగుల యాప్‌లో ఎవరో ఒక వార్త తెరిచారనుకుందాం. వార్తాసంస్థ సర్వర్‌తో పాటు ఆ పేజీలోని బొమ్మలు, ప్రకటనలు, సందర్శకులను లెక్కించే స్క్రిప్టులు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో ఆ సర్వర్లన్నిటికీ యాప్ పేరు చేరుతుంది. చాలాసార్లు ప్యాకేజీ పేరు చూస్తేనే జబ్బు తెలిసిపోతుంది. చదువుతున్న మనిషికి మాత్రం ఇదేదీ కనబడదు. డెవలపర్ ‘లోడ్‌యూఆర్‌ఎల్’కు అదనపు హెడర్లిచ్చి విలువ మార్చినా అది మొదటి అభ్యర్థనకే పరిమితం, లింకు నొక్కగానే మళ్లీ అసలు పేరే వెళ్లేది.

ప్రకటనల మోసాలను, అనుమానాస్పద లాగిన్లను పట్టుకోవడానికి కొన్ని సంస్థలు దీనిపై ఆధారపడిన మాట నిజం. అయితే యాప్ తయారీదారు తలచుకుంటే మార్చగల విలువ కనుక దాన్ని గట్టి సాక్ష్యంగా తీసుకోలేం.

ఈ హెడర్‌పై నియంత్రణ ఎప్పుడు మొదలైందన్న విషయంలో ఆధారాలు కాస్త తేడాగా ఉన్నాయి. డెవలపర్ పత్రాల ప్రకారం హెడర్‌ను 2022 చివరలో వాడుక నుంచి తప్పించే జాబితాలో చేర్చారు. గూగుల్ బహిరంగ ప్రకటన 2023 ఫిబ్రవరిది. మొదటిది నిర్ణయానికి, రెండోది దాన్ని అందరికీ తెలపడానికి సంబంధించినవని భావించడం సబబు. కొత్త పద్ధతిలో ఆండ్రాయిడ్‌ఎక్స్ వెబ్‌కిట్ లైబ్రరీ ద్వారా యాప్ ఒక అనుమతి జాబితా ఇస్తుంది. హెడర్ ఆ జాబితాలోని ఆరిజిన్లకే వెళుతుంది. పాత సర్వర్ల అవసరం కోసమే తప్ప, డెవలపర్ తన సొంత సర్వర్లకు యాప్‌ను గుర్తింపజేయడానికి దీన్ని వాడకూడదని పత్రాలు స్పష్టంగా చెబుతున్నాయి. పేజీ వెనుక పనిచేసే స్క్రిప్టులైన సర్వీస్ వర్కర్ల అభ్యర్థనలకు సెట్టింగ్ వేరు. దాన్ని మరిస్తే జాబితా సగమే పనిచేసినట్టు. మౌనంగా అందరికీ పంపడం కంటే ఇది ఎంతో మేలు. కానీ ఆ జాబితా రాసేది యాప్ తయారీదారు; ఫోన్ సొంతదారుకు అందులో చోటు లేదు.

ఆండ్రాయిడ్ 5.0 నుంచి వెబ్‌వ్యూ ఫోన్ వ్యవస్థతో సంబంధం లేకుండా విడిగా అప్‌డేట్ అవుతుంది. అందువల్ల ఒకే యాప్ రెండు ఫోన్లలో రెండు రకాలుగా ప్రవర్తించవచ్చు. జాబితా పెట్టేముందు ఆ ఫోన్‌లోని వెబ్‌వ్యూ వెర్షన్‌లో ఈ సదుపాయం ఉందో లేదో ప్రోగ్రామ్‌లోనే తనిఖీ చేయాలి. హెడర్ ఆగినా, బ్రౌజర్ తనను పరిచయం చేసుకునే యూజర్ ఏజెంట్‌లోని ‘డబ్ల్యూవీ’ గుర్తు పేజీ వెబ్‌వ్యూలో తెరుచుకున్నదని సర్వర్‌కు చెబుతూనే ఉంటుంది. ఏ యాప్ అన్నది మాత్రం అందులో ఉండదు.