పొలాన్ని తెల్లగా మార్చిన ఉప్పు: సుమేర్ నుంచి కోనంకి దాకా

ఎండాకాలంలో పల్లెటూరి వైపు వెళ్ళినప్పుడు కొన్ని మడులు చూసి ఉంటారు. పక్క చేలో పంట పచ్చగా ఉంటుంది, ఈ మడిలో మాత్రం సున్నం చల్లినట్టు తెల్లటి పొర. దాన్నే చౌడు అంటాం. సబ్బులు లేని రోజుల్లో రజకులు ఈ చౌడు మన్ను తెచ్చి బట్టలు ఉతికేవాళ్ళు.

అసలు ప్రశ్న ఏంటంటే, సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న చోట పొలంలోకి ఉప్పు ఎలా వచ్చింది? చాలాసార్లు జవాబు మనం అనుకోనిది. పంట పండించడానికి తెచ్చిన కాలువ నీళ్ళే ఆ ఉప్పుని పైకి తెచ్చాయి.

ముందు ఇది ఎలా జరుగుతుందో చూద్దాం. నది నీళ్ళు తియ్యగానే ఉంటాయి, కానీ అందులో కూడా కొంచెం ఉప్పు కరిగి ఉంటుంది. లీటరుకి 0.3 గ్రాములు అనుకుందాం, నాలుకకి తెలియదు. ఒక ఎకరానికి అడుగు ఎత్తున నీళ్ళు పెడితే దాదాపు 12.3 లక్షల లీటర్లు. అంటే 370 కిలోల ఉప్పు! పంటకి మొత్తం మూడు అడుగుల నీళ్ళు పెడితే ఒక టన్ను దాటుతుంది. మొక్క నీళ్ళు తాగుతుంది, ఎండకి కొన్ని నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం నేలలోనే మిగులుతుంది.

వాలు బాగా ఉండి, మిగులు నీరు కిందకి పోయే దారి ఉంటే ఆ ఉప్పు కూడా కొట్టుకుపోతుంది. దారి లేకపోతే భూమిలో నీటిమట్టం ఏటా పైకి వస్తుంది. అది నేలకి ఐదారు అడుగుల దగ్గరికి వచ్చిందంటే ప్రమాదం మొదలైనట్టే. దీపంలో వత్తి నూనెని పైకి లాగినట్టు మట్టి ఆ నీటిని పైకి లాగుతుంది. నీరు ఆవిరై ఉప్పు పైన పేరుకుంటుంది. ఊట, చౌడు రెండూ కవల పిల్లల్లా కలిసి రావడానికి కారణం ఇదే.

ఇప్పుడు నాలుగున్నర వేల ఏళ్ళు వెనక్కి వెళ్దాం. ఈనాటి ఇరాక్ దక్షిణ భాగం, టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య సుమేర్ దేశం. అక్కడ లగాష్, ఉమ్మా అనే రెండు పొరుగు రాజ్యాలకి నీళ్ళ దగ్గర తరతరాల గొడవ. ఉమ్మా వాళ్ళు పైనుంచి కాలువకి అడ్డం పడేవాళ్ళు. క్రీ.పూ. 2400 ప్రాంతంలో లగాష్ రాజు ఎంటెమెనా, వీళ్ళతో పని లేకుండా టైగ్రిస్ నుంచే పెద్ద కాలువ తవ్వించాడు. నీళ్ళకి కొదవ లేకుండా పోయింది.

1958లో థార్కిల్డ్ జాకబ్‌సెన్, రాబర్ట్ ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. వాళ్ళు చూసింది మట్టి పలకల మీద రాసిన పంట లెక్కలు. గోధుమ ఉప్పుని తట్టుకోలేదు, బార్లీ చాలావరకు తట్టుకుంటుంది. క్రీ.పూ. 3500 ప్రాంతంలో దక్షిణ ఇరాక్‌లో రెండూ దాదాపు సమానంగా పండేవి. 2500 నాటికి గోధుమ వాటా ఆరో వంతుకి పడిపోయింది. 2100 నాటికి గిర్సు ప్రాంతంలో 2 శాతం కూడా లేదు. 1700 నాటికి దక్షిణాన గోధుమ దాదాపు మాయం. దిగుబడి సంగతి కూడా అంతే. వాళ్ళ లెక్క ప్రకారం గిర్సులో 2400 ప్రాంతంలో హెక్టారుకి 2,537 లీటర్ల ధాన్యం వస్తే, 2100కి అది 1,460 అయింది. 1700 ప్రాంతానికి లార్సా దగ్గర 897 మాత్రమే.

ఉప్పే సుమేర్‌ని ముంచేసిందని చాలామంది చెప్పేస్తుంటారు. అంత తొందర వద్దు. 1985లో మార్విన్ పావెల్ అనే పండితుడు ఆ పలకలు చదివిన పద్ధతినే తప్పుపట్టాడు. అక్కడి రైతులకి ఉప్పుతో ఎలా బతకాలో తెలుసు అన్నాడు. ఆ మాటలో బలం ఉంది. ఆ ప్రాంతంలో ఒక ఏడు పంట వేసి, తర్వాతి ఏడు బీడు వదిలే అలవాటు ఉండేది. బీడులో లోతు వేర్ల ముళ్ళ మొక్కలు మొలిచి కింది తేమని పీల్చేస్తాయి. నీటిమట్టం దిగుతుంది. తర్వాత నీళ్ళు పెడితే ఉప్పు కిందకి పోతుంది. పన్నుల కోసమో, ధాన్యం కోసమో పైనుంచి ఒత్తిడి వచ్చి బీడు పెట్టడం మానేస్తే మాత్రం ఈ లెక్క తప్పుతుంది.

ఉప్పు భారం చివరికి ఎవరి మీద పడుతుంది? ఇదే ఇరాక్‌లో, బస్రా దగ్గర, అబ్బాసీ ఖలీఫాల కాలంలో తెల్లబడిన భూముల పైపొరని మనుషులతో గీకించేవాళ్ళు. ఆ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు, జంజ్ అనేవాళ్ళు. 869లో వాళ్ళు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు 883 దాకా, పద్నాలుగేళ్ళు నడిచింది. మధ్యలో బస్రా నగరమే వాళ్ళ చేతిలో పడింది. తబరీ అనే చరిత్రకారుడు దీన్ని వివరంగా రాసి పెట్టాడు.

సరే, అదంతా పాత కాలం, వాళ్ళకి ఇంజనీరింగ్ తెలియదు అనుకుంటున్నారా? బ్రిటిష్ వాళ్ళకి తెలుసు కదా. 1892లో దిగువ చీనాబ్ కాలువ తెరిచారు. పంజాబ్‌లో బీడు భూములు పచ్చబడ్డాయి, కాలనీలు వెలిశాయి. కానీ మిగులు నీరు బయటికి పోయే దారి మీద కాలువల మీద పెట్టినంత శ్రద్ధ పెట్టలేదు. కాలువలకి ముందు ఎంతో లోతులో ఉన్న నీటిమట్టం ఏటేటా పెరిగి, 1950ల నాటికి చాలా చోట్ల నేలని తాకేంత దగ్గరికి వచ్చేసింది. పంజాబీ రైతులు ఊటని సేమ్ అని, చౌడుని థూర్ అని పిలుస్తారు. దేశ విభజన తర్వాత ఈ సమస్యలో పెద్ద భాగం పాకిస్తాన్ వాటాకి వెళ్ళింది. 1961లో అధ్యక్షుడు అయూబ్ ఖాన్ అమెరికా అధ్యక్షుడు కెనెడీని సాయం అడిగాడు. రోజర్ రెవెల్ నాయకత్వంలో నిపుణుల బృందం పనిచేసి 1964లో నివేదిక ఇచ్చింది. అప్పటికే రావి, చీనాబ్ నదుల మధ్య దాదాపు 2,000 గొట్టపు బావులతో నీటిని తోడే పని మొదలైంది. ముందు నీళ్ళు తేవడానికి ఖర్చు, తర్వాత అవే నీళ్ళని తోడి పారేయడానికి ఇంకో ఖర్చు.

మన దగ్గరికి వద్దాం. నాగార్జునసాగర్‌కి 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకి నీళ్ళు. కోట్లమంది కడుపు నింపిన ప్రాజెక్టు, అందులో సందేహం లేదు. కానీ ఆయకట్టులో పల్లపు చేలలో ఊట, చౌడు కూడా వచ్చాయి. భారత్, నెదర్లాండ్స్ కలిసి నడిపిన ప్రాజెక్టులో బాపట్ల శాస్త్రవేత్తలు రెండు చోట్ల ప్రయోగం చేశారు. కుడి కాలువ కింద కోనంకి, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరు. చూడండి, ఊరి పేరులోనే ఉప్పు ఉంది. చిల్లులున్న పైపులని నేల కింద పాతి, ఉప్పు నీరు అందులోకి దిగి మురుగు కాలువలోకి పోయేలా చేశారు. చౌడు తగ్గింది, పంట పెరిగింది.

ఇంకో విషయం, అన్ని చౌడులకీ ఒకటే మందు కాదు. తెల్లటి పాల చౌడుకి మంచి నీళ్ళు నిలగట్టి, ఉప్పుని కరిగించి బయటికి పంపాలి. నల్లగా, గట్టిగా ఉండే కారు చౌడుకి ముందు జిప్సం వేయాలి, జీలుగ దున్నాలి. ఏది ఎంతో మట్టి పరీక్షే చెప్తుంది. కానీ రెండింటికీ మురుగు పోయే దారి ఉండాల్సిందే.

మన రాజకీయాల్లో కాలువ తవ్వినవాళ్ళకి విగ్రహాలు ఉంటాయి. మురుగు కాలువలో పూడిక తీయించినవాళ్ళ పేరు ఎవరికీ గుర్తుండదు. కానీ సుమేర్ నుంచి కోనంకి దాకా, పొలం పదికాలాలు బతకాలంటే ఆ రెండో పని కూడా జరగాలి. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ తాతయ్యనో, నాన్ననో ఒక మాట అడగండి: మన పొలం మురుగు ఎటు పోతుంది, ఆ కాలువలో ఆఖరిసారి పూడిక ఎప్పుడు తీశారు? వాళ్ళు చెప్పింది మాకూ రాయండి.