అమెరికాలో కమ్యూనిటీ కళాశాల – పాఠశాల జిల్లా భాగస్వామ్యం: వృత్తివిద్యా చరిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికాలో కమ్యూనిటీ కళాశాలలు, పాఠశాల జిల్లాలు కలిసి వృత్తివిద్యను అందించే ఒప్పందాలను ఇటీవలి సంస్కరణలుగా భావించడం పరిపాటి. ఈ రెండు సంస్థలకూ పుట్టుక ఒక్కచోటనే జరిగిందనీ, నిధుల చట్టాలు, పాలనా మార్పులు వాటి మధ్య గోడ కట్టాయనీ, నేటి ఒప్పందాలు ఆ గోడకు తలుపులు పెట్టే ప్రయత్నాలనీ వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కమ్యూనిటీ కళాశాల, పాఠశాల జిల్లా, వృత్తివిద్య, ద్వంద్వ నమోదు, క్రెడిట్.

1. ఉపోద్ఘాతం:
'జూనియర్ కళాశాల' అనగానే తెలుగు పాఠకులకు ఇంటర్మీడియట్ స్ఫురిస్తుంది. అమెరికాలో అదే పేరు పన్నెండో తరగతి తరువాతి రెండేళ్ళ కళాశాలకు చెల్లింది. కాలక్రమంలో దానికి కమ్యూనిటీ కళాశాల అనే పేరు స్థిరపడింది. అలాగే పాఠశాల జిల్లా అంటే రెవెన్యూ జిల్లా కాదు. ఒక ప్రాంతంలోని ప్రభుత్వ పాఠశాలలను నడిపే స్థానిక పాలనా విభాగమది. చాలాచోట్ల దానికి ప్రజలు ఎన్నుకున్న బోర్డు ఉంటుంది.

వృత్తివిద్య ఈ రెండింటిలో ఎవరి బాధ్యత అన్న చర్చకు వందేళ్ళు దాటాయి. పని నేర్చిన విద్యార్థికి పైచదువు దారి తెరిచి ఉంటుందా, మూసుకుపోతుందా అన్నది ఆ చర్చలోని అసలు ప్రశ్న.

2. ఉన్నత పాఠశాలలో పుట్టిన కళాశాల:
1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ టౌన్‌షిప్ ఉన్నత పాఠశాల అధిపతి జె. స్టాన్లీ బ్రౌన్, షికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ కలిసి ఒక ప్రయోగం ప్రారంభించారు. ఉన్నత పాఠశాల పూర్తిచేసిన ఆరుగురు విద్యార్థులకు అదే పాఠశాలలో విశ్వవిద్యాలయ స్థాయి పాఠాలు చెప్పించారు. నేటికీ కొనసాగుతున్న తొలి ప్రభుత్వ కమ్యూనిటీ కళాశాలగా జోలియెట్ గుర్తింపు పొందింది. కాలిఫోర్నియా రాష్ట్రం 1907లో ఉన్నత పాఠశాలలు ఇటువంటి తరగతులు నడుపుకోవడానికి చట్టబద్ధంగా అనుమతించగా, 1910లో ఫ్రెస్నో ఆ అవకాశాన్ని వినియోగించుకుంది. ఊరు విడిచి వెళ్ళే స్తోమత లేని కుటుంబాల పిల్లలకు సొంత ఊరి పాఠశాలే కళాశాల మెట్టు అయింది.

3. 1917 చట్టం – విభజనరేఖ:
1917 నాటి స్మిత్–హ్యూస్ చట్టం వృత్తివిద్యకు తొలిసారి గణనీయమైన సమాఖ్య నిధులను సమకూర్చింది. వ్యవసాయం, పారిశ్రామిక వృత్తులు, గృహవిజ్ఞానం బోధించే ఉపాధ్యాయుల జీతాలకు, శిక్షణకు ఆ నిధులు ఉపకరించాయి. అయితే ఆ విద్య కళాశాల స్థాయికి తక్కువదై ఉండాలని చట్టం నియమం విధించింది. దానితో వృత్తివిద్య, కళాశాల విద్య అనే రెండు శాఖలు చట్టరీత్యా వేరుపడ్డాయి.

ఈ చట్ట రూపకల్పనలో ప్రధానపాత్ర వహించిన చార్లెస్ ప్రాసర్, విద్యార్థిని నిర్దిష్టమైన ఉద్యోగానికి సిద్ధం చేయడమే వృత్తివిద్య ప్రయోజనమని భావించాడు. ఆ కాలంలోనే జాన్ డ్యూయీ దీనికి భిన్నమైన వాదాన్ని వినిపించాడు. ఉన్న పారిశ్రామిక వ్యవస్థకు కార్మికులను అమర్చిపెట్టే చదువు ప్రజాస్వామ్యానికి తగదనీ, ఆ వ్యవస్థను అర్థం చేసుకొని మార్చగల శక్తిని చదువు ఇవ్వాలనీ ఆయన అభిప్రాయం. నిధుల కేటాయింపులో నెగ్గినది ప్రాసర్ దృక్పథమే.

4. విడిపోయిన పాలన:
1947లో వెలువడిన ట్రూమన్ కమిషన్ నివేదిక కమ్యూనిటీ కళాశాల అనే పేరుకు విస్తృత ప్రచారం కల్పించింది. 1963 నాటి వృత్తివిద్యా చట్టం ఈ కళాశాలల వృత్తివిభాగాలకు కూడా నిధులు అందే వీలు కల్పించింది. కాని అక్కడ బోధించేది వెంటనే ఉద్యోగానికి దారితీయాలనీ, బ్యాచిలర్ డిగ్రీకి దారితీసేది కారాదనీ నిర్వచించింది. 1917 నాటి గీత చెరిగిపోలేదు. ఉన్నత పాఠశాల నుండి జరిగి కళాశాల లోపలికి చేరింది.

బర్టన్ క్లార్క్ 1960లో వెలువరించిన అధ్యయనం ఈ సందర్భంలో గమనార్హం. ఆయన పరిశీలించిన శాన్ హోసే జూనియర్ కళాశాల అప్పట్లో స్థానిక పాఠశాల జిల్లా అధీనంలో ఉండేది. డిగ్రీ ఆశతో చేరిన విద్యార్థుల్లో పలువురిని సలహాల ద్వారా, పరీక్షల ద్వారా మెల్లగా వృత్తికోర్సుల వైపు మళ్ళించి, వారి ఆశను చల్లార్చే ప్రక్రియను క్లార్క్ వర్ణించాడు. రెండు సంస్థలూ ఒకే పాలనలో ఉన్నంతమాత్రాన విద్యార్థి దారి సుగమం కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఆ దశాబ్దంలోనే కళాశాలలు పాఠశాల జిల్లాల నుండి వేరుపడటం ఊపందుకుంది. ఇల్లినాయ్‌లో 1965 చట్టం తరువాత జోలియెట్ కళాశాల కూడా 1967లో ప్రత్యేక కళాశాల జిల్లాగా ఏర్పడింది. ప్రతిపత్తి పెరిగింది, పాఠశాలతో సహజంగా ఉన్న అనుబంధం తెగింది.

5. తిరిగి కలిపే ప్రయత్నాలు:
1971లో సమాఖ్య విద్యా కమిషనర్ సిడ్నీ మార్లాండ్ 'కెరీర్ ఎడ్యుకేషన్' అనే నినాదాన్ని ముందుకు తెచ్చాడు. ఇది కొందరికే పరిమితమైన శిక్షణ కాదనీ, విద్యార్థులందరి చదువులోనూ భాగం కావాలనీ ఆయన ఆశించాడు. 1974లో న్యూయార్క్‌లోని లాగ్వార్డియా కమ్యూనిటీ కళాశాల ప్రాంగణంలోనే ఒక ఉన్నత పాఠశాల ప్రారంభమైంది. చదువు మధ్యలో మానేసే ప్రమాదమున్న పిల్లలను అందులో చేర్చుకున్నారు.

1985లో డేల్ పార్నెల్, ఉన్నత పాఠశాల చివరి రెండేళ్ళను కళాశాల రెండేళ్ళతో జోడించే 'టెక్ ప్రెప్' పద్ధతిని ప్రతిపాదించాడు. 1990లో పెర్కిన్స్ చట్ట సవరణ దానికి నిధులిచ్చింది. ఆ ప్రత్యేక నిధులు 2011లో ఆగిపోయాయి. అదే సంవత్సరం బ్రూక్లిన్‌లో నగర విద్యాశాఖ, సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్, ఐబీఎం సంస్థ కలిసి తొమ్మిదో తరగతి నుండి అసోసియేట్ డిగ్రీ వరకు ఆరేళ్ళ పాఠశాలను నెలకొల్పాయి.

కాలిఫోర్నియా 2015లో చేసిన చట్టం ఈ సంబంధానికి స్పష్టమైన విధివిధానాలను నిర్దేశించింది. కళాశాల జిల్లా, పాఠశాల జిల్లా బోర్డులు ఒప్పందాన్ని బహిరంగ సమావేశాల్లో ఆమోదించాలి. ఒప్పందం కింద చేరిన ఉన్నత పాఠశాల విద్యార్థి కళాశాల రుసుము చెల్లించనక్కరలేదు. కళాశాలకు వెళ్ళే ఆలోచన అంతవరకు లేని విద్యార్థులను దృష్టిలో పెట్టుకోవడం ఈ చట్టంలోని విశేషం. క్లార్క్ చూసిన కళాశాల ఆశను చల్లార్చగా, ఈ చట్టం ఆశ లేనిచోట దానిని కల్పించాలని ఉద్దేశించింది.

6. ముగింపు:
పై పరిశీలనను బట్టి భాగస్వామ్యపు విలువ ఒప్పందపత్రంలో కాక, విద్యార్థి సంపాదించిన క్రెడిట్ తరువాతి మెట్టుపై చెల్లుబాటు కావడంలో ఉందని చెప్పవచ్చు. ఉన్నత పాఠశాలలో చదివిన వెల్డింగ్ లేదా నర్సింగ్ సహాయక కోర్సు కళాశాల డిప్లొమాలోను, ఆపై డిగ్రీలోను లెక్కకు వస్తే అది నిచ్చెన. రాకపోతే అది కంచె. 1917, 1963 చట్టాలు నిధులిస్తూనే కంచె వేశాయి. తరువాతి ప్రయత్నాలను ఈ ప్రమాణంతోనే తూచవలసి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాలకూ ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇంటర్మీడియట్‌లో వృత్తివిద్యా కోర్సు చదివిన విద్యార్థి ఎంపీసీ, బైపీసీ వారితో సమానమైన అర్హత పొందాలంటే బ్రిడ్జి కోర్సు పరీక్షలు అదనంగా రాయవలసి ఉంది. ఒకే ప్రాంగణంలో రెండు రకాల కోర్సులున్నా వాటి మధ్య వంతెన కట్టుకునే శ్రమ విద్యార్థిదే అవుతున్నది. ఆ శ్రమను సంస్థలు ఎంతవరకు తమ మీద వేసుకుంటాయన్నదే అక్కడైనా ఇక్కడైనా వృత్తివిద్య గౌరవాన్ని నిర్ణయిస్తుంది.