కార్బరేటర్ స్క్రూ నుంచి ఈసీఎం దాకా

కడప జిల్లా తుమ్మలపల్లె చుట్టూ పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రోడ్ల మీద తిరిగే పాత పెట్రోలు కార్లలో ఏ ఇంజిన్ కంప్యూటర్ (ఈసీఎం) ఉందో తెలుసుకోవడానికి మొదటి ఆధారం తయారైన సంవత్సరం. రెండో ఆధారం ఆ బండి మొదట రిజిస్టరైన ఊరు. ఈ ప్రాంతంలో కార్బరేటర్ స్థానంలో కంప్యూటర్ నడిపే ఇంధన ఇంజెక్షన్‌ను తప్పనిసరి చేసినవి పొగ నిబంధనలే. అవి నగరాలకు ఒక తేదీన, కడప జిల్లాకు మరో తేదీన వచ్చాయి.

ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ మొదట అమెరికాలో పుట్టింది. బెండిక్స్ సంస్థ రూపొందించిన ఎలక్ట్రోజెక్టర్‌ను 1958లో క్రైస్లర్ కొన్ని కార్లకు అమర్చింది. ఆనాటి విడిభాగాలు దానికి తట్టుకోలేకపోయాయి. అదే ఆలోచనను జర్మనీకి చెందిన బాష్ ముందుకు తీసుకెళ్లి, 1967లో డీ-జెట్రానిక్ పేరుతో ఫోక్స్‌వాగన్ 1600లో నిలబెట్టింది. ఆ పెట్టెలో ప్రోగ్రామ్ ఉండేది కాదు, అంతా అనలాగ్ సర్క్యూటే. 1979లో బీఎండబ్ల్యూ 732ఐతో వచ్చిన మోట్రానిక్ ఇంజెక్షన్‌నూ ఇగ్నిషన్‌నూ ఒకే డిజిటల్ కంప్యూటర్‌కు అప్పగించింది. ట్యూనింగ్ అంటే మెమరీలోని అంకెలను మార్చడం అనే అర్థం అప్పటి నుంచే స్థిరపడింది.

ఆ అంకెలు ఎక్కాల పట్టికలా గళ్లలో ఉంటాయి. ఒక వైపు ఇంజిన్ వేగం, మరో వైపు దాని మీద పడే లోడు. ఒక పట్టికలోని గడి ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలో, మరో పట్టికలోని గడి స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు పడాలో చెబుతుంది. ఇంజిన్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి, బ్యాటరీ వోల్టేజీలను బట్టి ఆ విలువలను కంప్యూటర్ సవరిస్తుంది. కడప ఎండల్లో గాలి పలచబడితే ఆ మేరకు పెట్రోలు తగ్గిస్తుంది. సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు అనే లెక్క తప్పకుండా కాపలా కాస్తుంది. కార్బరేటర్ రోజుల్లో ఈ పనంతా మెకానిక్ స్క్రూడ్రైవర్‌తోనూ చెవితోనూ చేసేవాడు.

మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కార్బరేటర్ బండే. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కెటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరైంది. 1998లో హ్యుందాయ్ శాంత్రో ఇంజెక్షన్‌తోనే వచ్చింది. 1999లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో ఢిల్లీ ప్రాంతానికి 2000 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్-2 (బీఎస్-2) పొగ ప్రమాణం స్థాయి వర్తించింది. అదే ఏడాది మారుతి 800కూ మల్టీ పాయింట్ ఇంజెక్షన్ (ఎంపీఎఫ్‌ఐ) వచ్చింది. బీఎస్-2 హైదరాబాద్‌కు 2003లో, కడప సహా దేశమంతటికీ 2005లో చేరింది. అందువల్ల 2004 నాటి హైదరాబాద్ బండి, అదే ఏటి ‘ఏపీ 04’ కడప బండి చూడటానికి ఒక్కలాగే ఉన్నా వేర్వేరు ప్రమాణాలవి కావచ్చు. 2010లోనూ ఈ తేడా కనిపించింది. హైదరాబాద్ బీఎస్-4కు మారగా కడపకు బీఎస్-3 దక్కింది. బీఎస్-4 దేశమంతటా అమలైంది 2017లో.

ఏడాది, ఊరు తెలిశాక చూడాల్సింది పెట్టె మీది లేబుల్. సుజుకీ ఈసీఎం నంబరు 33920తో, హోండాది 37820తో, టయోటాది 89661తో మొదలవుతుంది. బాష్ పెట్రోలు పెట్టెలకు 0261, డీజిల్ పెట్టెలకు 0281 ముందుంటాయి. ప్లగ్గు సరిగ్గా కూర్చున్నంత మాత్రాన రెండు పెట్టెలు ఒకటే అనుకోకూడదు, నంబరు చివరి అంకెలు మారితే లోపలి పట్టికలూ మారవచ్చు. డయాగ్నస్టిక్ సాకెట్ రెండో గుర్తు. 1980ల జనరల్ మోటార్స్ కార్లలో రెండు పిన్నులు కలిపితే చెక్ ఇంజిన్ లైటు మిణుకులతో కోడ్ చెప్పేది. అమెరికాలో 1996 నుంచి బండి తన లోపాలను తానే చెప్పే 16 పిన్నుల ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరైంది. మన దేశంలో ఓబీడీ బీఎస్-4తోనే మొదలైంది కనుక, అంతకు ముందటి బండికి 16 పిన్నుల సాకెట్ ఉన్నా మామూలు స్కానర్‌కు అది పలకకపోవచ్చు.

ట్యూనింగ్ పద్ధతి పెట్టె వయసును బట్టి ఉంటుంది. 1980, 90ల పెట్టెల్లో 27సీ256, 27సీ512 వంటి ఈప్రామ్ చిప్పులు వాడేవారు. చిప్పును ఊడదీసి, చదివి, మార్చిన పట్టికతో కొత్తది రాసి పెట్టేవారు. తర్వాతి ఫ్లాష్ మెమరీ పెట్టెలను ఊడదీయకుండానే తిరగరాయవచ్చు, కాకపోతే రాసిన అంకెలను సరిచూసే చెక్‌సమ్ సరిపోవాలి. అసలు పెట్టెను పక్కన పెట్టదలచినవారికి 2001లో బౌలింగ్, గ్రిప్పో రూపొందించిన మెగాస్క్విర్ట్ చౌక దారి చూపింది. ఇమ్మొబిలైజర్ వచ్చాక మాత్రం పాత సామాను కొట్టులో దొరికిన పెట్టె తాళంచెవితో జత కుదిరితే తప్ప బండిని నడపదు. గాలి లీకు, తుప్పు పట్టిన ఎర్త్, మూసుకుపోయిన ఇంజెక్టర్ సరిచేయకుండా పట్టిక మారిస్తే జబ్బు దాగుతుందే తప్ప పోదు. పొల్యూషన్ పరీక్షలో అది బయటపడుతుంది. బీఎస్-2కు ముందటి కార్లకు ఐడిల్‌లో 3 శాతం కార్బన్ మోనాక్సైడ్ వరకు అనుమతి ఉండగా, బీఎస్-2 కార్లకు ఆ పరిమితి 0.5 శాతమే. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలను మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలూ ఉన్నాయి.

డీజిల్ బండ్లలో మార్పు ఆలస్యంగా వచ్చింది. జీపులు, సుమోల మెకానికల్ పంపులను టెస్ట్ బెంచి మీద సరిచేసేవారు. కామన్ రైల్ కార్లు 2000ల తొలి సంవత్సరాల్లో వచ్చాకే డీజిల్ ఇంజెక్షన్ నియంత్రణ ఈసీఎం చేతికి వెళ్లింది. పొలం ట్రాక్టర్ల వంతు ఇంకా తర్వాత వచ్చింది. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 అనే పొగ నిబంధన 2023 జనవరి నుంచి అమల్లోకి రాగా, అంతకు తక్కువ శక్తి గలవి పాత పంపుతోనే కొనసాగాయి.