మత్తునకు మూడు సాక్ష్యములు



మత్తుపదార్థము మనుష్యుని నేమి చేయునను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. దానికి మూడు కాలములందు మూడు విధములైన సాక్ష్యములు లభించినవి. వానిని వరుసగా విన్నవించెదను.

మొదటిది కంటితో చూచినవాని సాక్ష్యము. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. అటుపిమ్మట థామస్ బౌరీ యను నావికవర్తకుడు 1669 మొదలు 1679 వఱకు బంగాళాఖాతపు తీరదేశములను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. మన బందరు వర్ణనము నందు గలదు. ఆ వ్రాతప్రతి 1905లో గాని యచ్చుపడలేదు. అందొక వృత్తాంతము విచిత్రమైనది. బౌరీయు నతని సహచరులును బజారున పైంటు ఆరు పెన్నీల చొప్పున భంగు కొని త్రాగిరి. పరులు చూచి నవ్వుదురని యొక యింట చేరి తలుపులు బిగించుకొనిరి. ఒకడు నేలపై కూర్చుండి సాయంకాలమువఱకు నేడ్చెను. ఒకడు భయపడి పెద్ద జాడిలో తల దూర్చి నాలుగు గంటలకు పైగా నట్లే యుండెను. కొందఱు తివాసులపై పరుండి, తాము చక్రవర్తులమనుకొని యొకరినొకరు పొగడుకొనిరి. ఒకడు వసారా స్తంభముతో పోరాడి వ్రేళ్లకణుపుల చర్మము నూడగొట్టుకొనెను. బౌరీ మూడు గంటలు చెమటలు కార్చుచు కూర్చుండెను. త్రాగిన దొక్కటియే, ఫలములు పలు తెఱగులు. మొదటి యిద్దఱకును అలవాటు లేని భయమే కారణమై యుండునని యతడూహించెను. అంతకు మించి వెలుపలి చూపునకు తెలియదు.

రెండవది దస్తరపు సాక్ష్యము. 1893లో ప్రభుత్వము గంజాయి, చరసు, భంగులను గూర్చి యొక విచారణసంఘము నేర్పఱచెను. అప్పుడు మన కృష్ణాజిల్లా చెన్నరాజధానిలోనిది. ఆ రాజధానియందును విచారణ జరిగెను. సంఘమువారు 1193 మంది సాక్షులను విచారించిరి. 1892లో పిచ్చియాసుపత్రులలో చేరినవారిలో 222 మందికి గంజాయి మొదలగునవే కారణమని దస్తరములు పలికినవి. ఒక్కొక్కరి చరిత్రమును మరల పరిశీలింపగా 98 మాత్రమే నిలిచినవి. కారణము తెలియనిచోట గంజాయి యని వ్రాసి చేతులు దులుపుకొనుట యుద్యోగులకు వాడుకయై యుండెను. అయినను, మిగిలిన 98 మందిని మఱవరాదు.

మూడవది మెదడే చెప్పిన సాక్ష్యము. 1964లో ఇజ్రాయెల్ దేశపు శాస్త్రజ్ఞులు గంజాయిలోని ముఖ్యమైన మత్తుసారమును వేఱుపఱచి దాని నిర్మాణమును నిర్ణయించిరి. ఆ సారము తాళపుచెవివలె వచ్చి తగులుకొను తాళములు మెదడులోనే కలవని 1988లో తెలియవచ్చెను. బయటి యాకుకొఱకు మెదడున తాళము లేల? 1992లో సమాధానము దొరకెను. అట్టి చెవిని మెదడు తానును చేసికొనుచున్నది. ఆ పదార్థమునకు మన సంస్కృతపు ‘ఆనంద’ శబ్దమును చేర్చి ఆనందమైడ్ అని పేరిడిరి. జ్ఞాపకము, భయము, కదలిక, వీనిని నడపు భాగములందు నీ తాళములు గలవు. బౌరీ మిత్రుల విపరీతచేష్టలకు మూలము కొంత యిచ్చట కనబడును.

ఇప్పుడీ తాళములను బ్రదికియున్నవాని తలలోనే చూడవచ్చును. త్వరలో క్షీణించు రేడియోధార్మికద్రవ్యమును మిక్కిలి స్వల్పముగా నరమున నెక్కింతురు. అది యా తాళములను పట్టుకొనును. దాని కిరణములను తలచుట్టు నున్న యంత్రము గ్రహించి చిత్రము కూర్చును. దీనిని పెట్ స్కాన్ అందురు. అమెరికాలోని జాతీయ మానసికారోగ్య సంస్థవారు 2012లో ప్రకటించిన పరిశోధనలో, ప్రతిదినము గంజాయి త్రాగువారి మెదడు పైపొరయందు నీ తాళములు ఇంచుమించు ఐదవవంతు తగ్గియుండెను. నాలుగు వారములపాటు పూర్తిగా మానినవారిని మరల చూడగా, తగ్గినచోట తిరిగి పెరిగెను.

దీనివలన గంజాయి నిరపాయమని తలపరాదు. ఎదుగుచున్న మెదడునకు దానివలని ముప్పు హెచ్చు. చిత్రమున కనబడునది తాళముల లెక్కయే. చెడిన చదువును, కుములుచున్న తల్లి మనస్సును ఏ యంత్రమును చూపజాలదు. కాని “వాడిక బాగుపడడు” అను తీర్పున కీ చిత్రము సాక్ష్యమీయదు. మీ యూర నొక కుఱ్ఱవాడు దారి తప్పినచో, రచ్చబండకడ నిలిపి దూషించుటకన్న వైద్యునికడకు గొనిపోవుడు. ఆ తొలి నెలదినములు వాని నొంటరిగా విడువక కనిపెట్టియుండుడు. అట్లే, మతి చలించిన ప్రతివానిని గంజాయిఖాతాలో వ్రాయకుడు. ఆ తొందరపాటు 1892నాటి దస్తరములకు చాలును.