పరదేశంలో ఇంటి బీరు: కొరవడిన దినుసులు, కనిపించని శ్రమ

వ్యాససంగ్రహం

17వ శతాబ్ది నుంచి 19వ శతాబ్ది వరకు ఇంగ్లండు విడిచి ఇతర ఖండాలకు చేరిన ఆంగ్లేయులు తమ నిత్యపానీయమైన బీరును అక్కడ దొరికిన దినుసులతోనే తయారుచేసుకున్నారు. అమెరికా, న్యూజిలాండ్, భారతదేశాలలో వారు అనుసరించిన పద్ధతులను ఈ వ్యాసం పోల్చి పరిశీలిస్తుంది. తయారీ పత్రాలలో 'ప్రత్యామ్నాయం'గా కనిపించే ప్రతి దినుసు వెనుక స్థానికుల జ్ఞానం గాని, పరాధీనుల శ్రమ గాని ఉందని, భారతదేశంలో అది కల్లుగీత వృత్తిదారులదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఇంటి బీరు, వలస, ఈస్టు, కల్లు, గీతవృత్తి, ఆహారచరిత్ర.

1. ఉపోద్ఘాతం

బీరుకు కావలసినవి నాలుగు: నీరు, మాల్ట్, హాప్స్, ఈస్టు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ అవుతుంది. మొలక దశలో గింజలో వృద్ధిచెందే ఎంజైములు వేడినీటిలో పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపి ద్రవాన్ని హాప్స్ అనే తీగమొక్క పూగుత్తులతో మరిగిస్తారు. హాప్స్ చేదును ఇవ్వడమే గాక, పానీయాన్ని పాడుచేసే కొన్ని బాక్టీరియాలను అడ్డుకుంటాయి. ద్రవం చల్లారిన తరువాత ఈస్టు చేరి చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది.

వీటిలో ఈస్టు స్థానం విలక్షణమైనది. 1516లో బవేరియాలో వెలువడిన ప్రసిద్ధ శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీరు మాత్రమే ఉండాలని ఆదేశించింది, ఈస్టును పేర్కొనలేదు. పాత కాగులోని నురుగునో, అడుగుమడ్డినో కొత్త కాగులో కలిపితే పులుస్తుందన్నది తయారీదారుల అనుభవజ్ఞానం. అది సజీవమైన సూక్ష్మజీవి అన్న విషయం 19వ శతాబ్దిలో గాని స్థిరపడలేదు. బీరుపై లూయీ పాశ్చర్ గ్రంథం 1876లో వెలువడింది. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ శుద్ధ ఈస్టును వేరుచేసి పెంచాడు. అంతకుముందు దేశాంతరం వెళ్లినవారికి ఈస్టు కొని తీసుకువెళ్లే సరుకు కాదు. దాన్ని కాగు నుంచి కాగుకు కాపాడుకోవాలి, లేదా చేరిన చోట వెతుక్కోవాలి.

2. అమెరికా: మొక్కజొన్న, మొలాసిస్

నాటి ఇంగ్లండులో తేలికపాటి బీరు ఇంటిల్లిపాదీ తాగే పానీయం. 1620లో మేఫ్లవర్ ఓడలో వెళ్లినవారు ప్లిమత్ వద్ద త్వరపడి దిగడానికి నిల్వలు, ముఖ్యంగా బీరు, తరిగిపోవడం ఒక కారణమని ఆ వలసదారుల వృత్తాంతమే చెబుతోంది. అదే సంవత్సరం వర్జీనియాలోని బర్క్‌లీ స్థావరం నుంచి జార్జ్ థోర్ప్, మొక్కజొన్నతో మంచి పానీయం తయారుచేసే మార్గం దొరికిందని స్వదేశానికి లేఖ రాశాడు. ఈ 'మార్గం' శూన్యంలో పుట్టలేదు. మొక్కజొన్నను అక్కడి మూలవాసులు తరతరాలుగా సాగుచేస్తున్నారు. వలసదారులు దాన్ని పండించడం వారివద్దే నేర్చుకున్నారు.

తరువాతి శతాబ్దిలో మాల్ట్ కొరతను తీర్చిన ప్రధాన పదార్థం మొలాసిస్, అనగా చెరకు నుంచి చక్కెర తీయగా మిగిలే నల్లని పాకం. జార్జ్ వాషింగ్టన్ 1757 నాటి నోటుపుస్తకంలో తేలిక బీరు తయారీ విధానం ఉంది. తవుడును హాప్స్‌తో 3 గంటలు మరిగించాలి. వడకట్టిన 30 గాలన్ల ద్రవం పొగలు కక్కుతుండగా 3 గాలన్ల మొలాసిస్ కలపాలి. అది గోరువెచ్చగా అయ్యాక సుమారు పావు గాలను ఈస్టు చేర్చాలి. చలిగా ఉంటే కాగుపై దుప్పటి కప్పాలి. ఇందులో బార్లీ మాల్ట్ అసలే లేదు. తీపి యావత్తూ మొలాసిస్‌దే.

ఉత్తర అమెరికాకు మొలాసిస్ కరీబియన్ దీవుల చెరకు తోటల నుంచి వచ్చేది. ఆ తోటలు ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసల శ్రమతో నడిచేవి. పొదుపైన గృహపానీయంగా కనిపించే ఈ బీరు చవకకు మూలం అక్కడ ఉంది. కొలతలను, ఉష్ణాన్ని, కాలాన్ని శ్రద్ధగా నమోదుచేసిన పత్రం దినుసు పుట్టుకను నమోదుచేయలేదు.

3. న్యూజిలాండ్: పోలికతో గుర్తించిన ఆకు

1773లో జేమ్స్ కుక్ రిజల్యూషన్ ఓడతో న్యూజిలాండ్ దక్షిణదీవిలోని డస్కీ సౌండ్‌లో ఆగినప్పుడు నావికులకోసం బీరు కాయించాడు. ఉత్తర అమెరికాలో స్ప్రూస్ చెట్టు చిగుళ్లతో బీరు చేసే అలవాటు ఉంది. 1760 దశకంలో న్యూఫౌండ్‌లాండ్ తీరాన్ని సర్వేచేసిన కుక్‌కు ఆ ప్రాంతం పరిచితమే. డస్కీ సౌండ్‌లో స్ప్రూస్‌ను పోలిన రిము చెట్టు ఆకులు వాడి, వాటి వగరు తగ్గించడానికి మానుకా ఆకులు కలిపించాడు. ఓడలోని చిక్కబరచిన మాల్ట్ ద్రవం, మొలాసిస్ తీపినిచ్చాయి.

ఇక్కడ హాప్స్ స్థానాన్ని ఆకులు ఆక్రమించాయి. ఈ పానీయం స్కర్వీ వ్యాధిని నివారిస్తుందని కుక్ ఆశించాడు. మాల్ట్ ద్రవంలో స్కర్వీని ఆపే విటమిన్ సి దాదాపు లేదని తరువాతి విజ్ఞానం తేల్చింది. రిము, మానుకా అనే పేర్లు రెండూ మావోరీ భాషవి. చెట్టును ఆంగ్ల నావికుడు పోలిక ద్వారా గుర్తించినా, చెట్టుకు నిలిచిన పేరు స్థానికులదే.

4. భారతదేశం: దిగుమతి సీసా, దేశవాళీ బీరు

భారతదేశంలో సమస్య భిన్నమైనది. ఉత్తరాదిన బార్లీ పండుతుంది. అయితే మైదానాల వేడిలో మాల్ట్ తయారీ కష్టం. నానిన గింజకు బూజు త్వరగా పడుతుంది. హాప్స్ తీగకు చల్లని శీతకాలం, దీర్ఘమైన వేసవి పగళ్లు అవసరం. ఆంగ్లేయుల ఏల్ రకం బీరు సుమారు 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ వద్ద చక్కగా పులుస్తుంది. అంతకు మించిన వేడిలో పుల్లబడే ప్రమాదం ఎక్కువ. అందువల్ల లండన్‌లో హాడ్జ్‌సన్ నడిపిన బో బ్రూవరీ వంటి సంస్థల బీరు నెలల తరబడి సముద్రప్రయాణం చేసి ఇక్కడికి చేరేది. సహజంగానే అది ఖరీదైన సరుకు.

ఈ నేపథ్యంలో ఆంగ్లేయుల ఇళ్లలో 'కంట్రీ బీరు' రూపొందింది. బెంగాల్ సైన్యంలో పనిచేసిన థామస్ విలియమ్సన్ 1810లో ప్రచురించిన 'ఈస్టిండియా వేడ్‌మీకమ్' దీన్ని వేసవి పానీయంగా వర్ణించింది. దిగుమతైన పోర్టర్ లేదా బీరు ఐదో వంతు, ఒక చిన్న గ్లాసు కల్లు, కొంత ముడిచక్కెర, తురిమిన అల్లం లేదా ఎండిన నారింజ, నిమ్మ తొక్కలు, మిగిలినది నీరు. ఈ జాబితాలో ఒక్కొక్క దినుసు ఒక్కొక్క లోటును పూడ్చింది. మాల్ట్ తీపి తగ్గినచోట ముడిచక్కెర, హాప్స్ పలచబడినచోట తొక్కల చేదు, అల్లం ఘాటు చేరాయి. ఈస్టు స్థానంలో కల్లు వచ్చింది. కల్లు ఇక్కడ ఈస్టుకు సాధారణ ప్రత్యామ్నాయమని విలియమ్సన్ స్వయంగా గుర్తించాడు.

5. ఒక గ్లాసు కల్లు వెనుక

తాటిగెల నుంచి అప్పుడే కారిన నీరు తియ్యగా ఉంటుంది. గాలిలో, లొట్టిలో, చెట్టు గాయంపై ఉండే ఈస్టు, బాక్టీరియాలు గంటల వ్యవధిలోనే దాన్ని పులియబెడతాయి. తీపిగా నిలవాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి; పులవాలంటే పూయకూడదు. గెలను ఎంత మేర గీయాలి, ఏ పూట లొట్టి దించాలి, ఏ చెట్టు ఏ కాలంలో పారుతుంది అన్నవి ఏళ్ల అభ్యాసంతో అబ్బే విషయాలు. మోకు, ముస్తాదులతో రోజూ చెట్టెక్కే గౌడ, ఈడిగ, శెట్టిబలిజ తదితర కులాల వృత్తిదారులు తెలుగునేలపై ఈ జ్ఞానానికి వారసులు.

దీనివల్ల ఒక ముఖ్యమైన తేడా ఏర్పడింది. వర్జీనియా గృహిణి ఈస్టును కాగు నుంచి కాగుకు కాపాడుకోవలసివచ్చింది. భారతదేశంలోని ఆంగ్లేయుడికి అది ఏ రోజుకారోజు తాజాగా అందింది. నిల్వ ఈస్టు నిలవని వేడిదేశంలో ఆ అవసరాన్ని గీతవృత్తి తీర్చింది. కేరళలో అప్పం పిండిని, గోవాలో రొట్టెపిండిని కల్లుతో పులియబెట్టిన సంప్రదాయాలు ఈ వినియోగం విస్తృతిని సూచిస్తాయి.

అయితే పాలనాపత్రాలలో కల్లు మరొక రూపంలో కనిపిస్తుంది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం వంటివి గీతను అనుమతికి, పన్నుకు లోబరచాయి. వంటపుస్తకంలో అది పేరులేని దినుసు; రెవెన్యూ దస్త్రంలో అది రాబడి. జ్ఞానంగా దాన్ని చూడడానికి ఈ రెండింటిలోనూ చోటు దొరకలేదు.

19వ శతాబ్దిలో కసౌలీ, మసూరీ, ఉదకమండలం వంటి చల్లని కొండప్రాంతాలలో బ్రూవరీలు వెలిశాక 'కంట్రీ బీరు' అర్థం మారింది. 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు నాటికి ఆ మాట ఈ బ్రూవరీల బీరును సూచిస్తోంది. పదం మిగిలింది, దానిలోని కల్లు తొలగిపోయింది.

6. ముగింపు

పై మూడు సందర్భాలను కలిపి చూస్తే, తీపికి ప్రత్యామ్నాయం సులువుగాను, చేదుకు కొంత ప్రయత్నంతోను దొరికాయి. వేడిదేశంలో ఈస్టు మాత్రం స్థానిక వృత్తి తోడ్పాటుతోనే లభించింది. దినుసుల కొరతను వలసదారులు తమ చాతుర్యంతో జయించారన్న కథనం సగమే నిజం. మొక్కజొన్న పండించినవారు, చెరకు నరికినవారు, తాడెక్కినవారు ఆ చాతుర్యానికి ఆధారం.

ఆహారచరిత్ర పరిశోధకులు పాత వంటపత్రాలను శ్రమపత్రాలుగా కూడా చదవవలసిన అవసరం ఇక్కడే ఉంది. ప్రతి దినుసు ఎవరి చేతిమీదుగా వచ్చిందన్న ప్రశ్న వేయాలి. ఆంగ్ల పుస్తకంలో 'టాడీ' అన్న ఒక్క మాటకు ఎదురుగా తెలుగులో మోకు, ముస్తాదు, లొట్టి, గెల, గీత అనే పదజాలం ఉంది. గీత తగ్గుతున్న ఊళ్లలో ఈ మాటలు వృద్ధులతోపాటే వెళ్లిపోతాయి. వృత్తిపదాల సేకరణ నిఘంటుకారుల పనిగానే కాక, చరిత్రరచనకు ఆకరాల సేకరణగా కూడా సాగాలి.